ట్రాలీస్ అని పేరు పెట్టిందెవరు

టూంగాబీ, సిడ్నీ
మార్చి 16, 2025

భానూ,

ఇన్నేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి ఎవరికేమైందోనని కంగారుపడకు. అందరం బాగానే ఉన్నాం. కాకపోతే కాలేజీలో ఎన్‌రోల్‌మెంట్లు ఇప్పుడే అయ్యాయి, ఆదివారం పన్నెండయినా మంచం దిగబుద్ధి కావడం లేదు. మా ఆయన పిల్లల్ని స్విమ్మింగ్‌కి తీసుకెళ్ళాడు. ఇంట్లో చప్పుడు లేదు కదా అని రాయడానికి కూర్చున్నాను. ఇది నాలుగు మెసేజ్‌లలో తేలేది కాదు, నిదానంగా గుర్తు తెచ్చుకుని రాయాల్సింది.

మన కాలేజీ సంగతే. నేను అక్కడే స్టూడెంట్ సర్వీసెస్‌లో కుర్చీకి అతుక్కుపోయి తొమ్మిదేళ్ళయిందని నీకు తెలుసుగా. మీరు వాలీబాల్ ఆడుతుంటే నేను పక్కన బల్ల మీద స్కోరు రాసిన రేకుల షెడ్డు ఉందే, దాన్ని పడగొట్టేశారు. ఆ చోట కొత్త ఇండోర్ కోర్టు కడుతున్నారు. సెప్టెంబర్‌లో ప్రారంభం. లోపలికి రాగానే ఒక గోడంతా మన టీమ్ పేరు కథ రాయిస్తారట. "ట్రాలీస్" అన్న పేరు ఎలా పుట్టింది, ఎవరు పెట్టారు, అంతా. మార్కెటింగ్‌లో మెలనీ అని ఉంది, ఆవిడ నా డెస్క్ దగ్గరికి వచ్చి "ఉదయా, నువ్వు అప్పుడు స్టూడెంట్‌వి కదా, ఒక పేజీ రాసిపెట్టు" అంది. ఉన్న పనికి ఇదొకటి.

నువ్వు ఇప్పుడు ఇక్కడికొస్తే నమ్మవు. వాలీబాల్ ఒక్కటే కాదు, క్రికెట్, ఫుట్‌సాల్, నెట్‌బాల్ అన్ని టీములూ ట్రాలీసే. మ్యాచ్‌కి ముందు నిజం షాపింగ్ ట్రాలీకి నీలం రిబ్బన్లు కట్టి, టీమ్‌లో అందరికన్నా కొత్త పిల్లనో పిల్లాణ్ణో అందులో కూర్చోబెట్టి కోర్టు చుట్టూ ఒక రౌండ్ తిప్పుతారు. "రోల్ ఆన్, ట్రాలీస్!" అని మూడొందల మంది అరుస్తారు. నేపాల్ వాళ్ళు, పంజాబీలు, లెబనీస్ పిల్లలు, అందరూ. వచ్చిన మొదటి వారంలో తమ క్లాస్ రూమ్ ఎక్కడో తెలియదు కానీ ఆ అరుపు మాత్రం వచ్చేస్తుంది.

మెలనీ ఫైలులో 2016లో నువ్వు న్యూస్‌లెటర్‌కి ఇచ్చిన ఇంటర్వ్యూ ఉంది. అదే గోడెక్కించేద్దాం అంటోంది. చదివాను. సెమీఫైనల్‌లో అవతలి వాళ్ళు వెక్కిరిస్తే కెప్టెన్‌గా నువ్వు అక్కడికక్కడ ఆ పేరు పెట్టావని ఉంది. భానూ, ఆ మ్యాచ్‌కి స్కోరు రాసింది నేనే. నాకు అలా గుర్తులేదు. ఆ రోజుల్లో తెల్లారుజామున బేకరీ పనికి పోయి వచ్చి కూర్చునేదాన్ని, కునుకు తీశానేమో మరి. నీకు గుర్తున్నదంతా రాయి.

ఇంకొకటి. మొన్న ఐడీ కార్డు కోసం ఒకమ్మాయి వచ్చింది. లిఖిత, పద్దెనిమిదేళ్ళు, పొడుగ్గా ఉంది. ఎమర్జెన్సీ కాంటాక్ట్ దగ్గర తండ్రి పేరు శేషాచలం, ఇల్లు రౌస్ హిల్ అని రాసింది. మన శేషాచలం అన్న కూతురు! షెడ్డులో బంతుల సంచీ మీద నిద్రపోయేదే, ఆ రెండేళ్ళ పాప. వాలీబాల్ టీమ్‌కి కూడా పేరిచ్చింది. "మీ నాన్నగారు ఇక్కడ ఆడారు తెలుసా" అన్నాను. "రియల్లీ? హీ సెడ్ హీ స్టడీడ్ హియర్ ఫర్ ఎ బిట్" అంది, అంతే.

ఉదయ


హారిస్‌డేల్, పెర్త్
ఏప్రిల్ 6

ఉదయా,

నీ ఉత్తరం చూసి మా ఆవిడ "ఎవరు చనిపోయారు?" అంది. ఎవరూ పోలేదు, గోడ కడుతున్నారట అన్నాను.

ఇక్కడా అంతే. మా మైనింగ్ కంపెనీ ఐటీలో రెండేళ్ళలో మూడో రీస్ట్రక్చర్. ఎవరుంటారో ఎవరు పోతారో చెప్పే మీటింగుల్లో నేనే స్లైడ్లు తిప్పాలి. ఇంటికొచ్చి ఈ ఇసకలో గడ్డి బతికించడానికి పైపు పట్టుకుని నిలబడతాను. నలభై దాటకుండానే అరవై వచ్చినట్టుంది.

పేరు సంగతి ఇంటర్వ్యూలో చెప్పిందే. బ్లాక్‌టౌన్ హాల్లో సెమీఫైనల్. మొదటి సెట్ పోయింది. శేషాచలం అన్న షాపింగ్ సెంటర్ కార్ పార్కులో ట్రాలీలు తోస్తాడని అవతలి వాళ్ళకి ఎవరో చెప్పారు. ఆయన సర్వీస్‌కి వెళ్ళినప్పుడల్లా "ట్రాలీ బాయ్, ట్రాలీ బాయ్" అని మొదలెట్టారు. నేను టైమవుట్ తీసుకున్నాను. అందర్నీ దగ్గరికి పిలిచి, "అవున్రా, మనం ట్రాలీలమే. ఒకటి కదిలితే వెనక అన్నీ కదుల్తాయి" అన్నాను. తర్వాత రెండు సెట్లూ గెలిచాం. ఆ మాటే ఇప్పుడు కాలేజీ కప్పుల మీద వేసి అమ్ముతున్నారట కదా. నాకూ ఒకటి పంపారు, అందులోనే కాఫీ తాగుతాను.

నువ్వు నిద్రపోయి ఉంటావులే. బేకరీ పని మామూలు పనా.

ఎలా పుట్టింది అన్నది పదహారేళ్ళ తర్వాత ఎవరిక్కావాలి చెప్పు. పిల్లలు అరుచుకుంటున్నారు, సంతోషంగా ఉన్నారు. ఉన్నదాన్ని కదపకు. మెలనీకి ఆ ఇంటర్వ్యూ ఇచ్చేసి నువ్వు రెస్ట్ తీసుకో.

శేషాచలం అన్న కూతురు అంత పెద్దదైందా. ఆయన నిన్ను కలిశాడా? ఏమైనా అన్నాడా?

భాను


టూంగాబీ
మే 11

భానూ,

రెస్ట్ తీసుకుందామనే అనుకున్నాను. కానీ పాత షెడ్డు సామాను స్టోర్ రూమ్‌లో పడేశారు, అది ఖాళీ చేయించే పని నాకే పడింది. చిరిగిన నెట్ల కింద అట్టపెట్టె, అందులో 2009 స్కోరు పుస్తకం. నా చేతిరాతే.

సెమీఫైనల్ సెప్టెంబర్ 12న. కానీ ఆగస్టు 22 పేజీలో పైన టీమ్ పేరు దగ్గర "ట్రాలీస్" అని రాసి ఉంది. అంటే నువ్వు చెప్పే మ్యాచ్‌కి మూడు వారాల ముందే ఆ పేరు ఉంది. ఇంకోటి కూడా చూశాను. ఆగస్టు 8న, 15న ఆడినవాళ్ళలో శేషాచలం అన్న లేడు. సీజన్ మొత్తంలో ఆయన రాని మ్యాచ్‌లు ఆ రెండే. జ్వరమొచ్చినా మాత్ర వేసుకుని వచ్చే మనిషి. ఎందుకు రాలేదు?

నిన్న బ్లాక్‌టౌన్ హాల్లో అమ్మాయిల మొదటి మ్యాచ్. లిఖిత కొత్త కాబట్టి తననే ట్రాలీలో ఎక్కించారు. ఆ పిల్ల సంతోషం చూడాలి, రెండు చేతులూ పైకెత్తి నవ్వుతోంది. శేషాచలం అన్న పై వరసలో కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది కానీ భుజాలు అలాగే ఉన్నాయి. ట్రాలీ ఆయన ముందుకొచ్చి, అందరూ పేరు అరుస్తుండగా లేచి బయటికి వెళ్ళిపోయాడు.

వెనకాలే వెళ్ళాను. కార్ పార్కులో తన కారుకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"ఏం ఉదయమ్మా, బాగుండావా?" అన్నాడు, ఏమీ కానట్టే. "లోపల ఉక్కగా ఉంటే బయటికొచ్చినా."

మే నెల్లో ఇక్కడ ఉక్కేంటి భానూ. నేను స్వెటర్ మీద కోటు వేసుకుని ఉన్నాను.

బస్సు నడుపుతున్నాడట, పన్నెండేళ్ళుగా. వాళ్ళావిడ కుసుమక్క నర్సింగ్ చేసి, ఆవిడ మీద ఇక్కడ స్థిరపడే పీఆర్ వచ్చిందట. నీ గురించి అడిగాడు. "భాను యాడుండాడిప్పుడు? పిల్లోల్లు ఎంతమంది?" అన్నాడు. చెప్పాను. "బాగుండనీ" అన్నాడు.

పేరు సంగతి ఎత్తాను. "పాతవి ఎందుకులేమ్మా. పాప సంతోషంగా ఉండాది, సాలు" అన్నాడు.

"పేరు మీ వల్ల వచ్చిందని పాపకి తెలుసా అన్నా?"

"నా వల్ల వచ్చిందని నీకెవరు చెప్పినారు?" అని నా వైపు చూశాడు. కోపంగా కాదు. నా నోటి నుంచి ఏం వస్తుందోనని చూసినట్టు చూశాడు. 

సెమీఫైనల్‌కి ముందు ఏదో జరిగింది. నీకు తెలుసు. అందుకే ఆయన ఏమైనా అన్నాడా అని అడిగావు.

ఉదయ


హారిస్‌డేల్
మే 24

ఉదయశ్రీ గారికి,

మీ పరిశోధన చదివాను. తేదీలు నాకు గుర్తుండవు. తొమ్మిదేళ్ళ కిందట ఎవరో ఫోన్ చేసి అడిగితే గుర్తున్నట్టు చెప్పాను, అది కోర్టులో వాంగ్మూలం కాదు. ఆయనే పాతవి ఎందుకు అంటున్నప్పుడు మధ్యలో మీకెందుకు?

మా టీమ్‌లో నలుగుర్ని తీసేస్తున్నారు. ఆ నలుగురి పేర్లూ నేనే ఇవ్వాలట. ఈ గోడ గురించి ఆలోచించే ఓపిక నాకు లేదు. మీకు నచ్చింది రాసుకోండి.

భానుప్రసాద్


హారిస్‌డేల్
జూన్ 29

ఉదయా,

నువ్వు జవాబు రాయలేదు. రాయకపోవడమే మంచిదైంది. తిట్టి ఉంటే నేనూ తిట్టి ఊరుకునేవాణ్ణి.

ఆ నాలుగు పేర్లూ ఇచ్చేశాను. అందులో ఒకాయనకి యాభై ఆరేళ్ళు, నాకు పని నేర్పినవాడు. చివరి రోజు సామాను అట్టపెట్టెలో పెట్టుకుని లిఫ్ట్ దగ్గర నిలబడ్డాడు. నేను ఎదురుగా వస్తూ ఫోన్ చూసుకుంటున్నట్టు నటించి పక్క కారిడార్‌లోకి తిరిగాను.  ఇలా నేను ఇంతకుముందు ఒకసారి చేశాను కదా అనిపించింది. అప్పట్నుంచి తిండి సయించడం లేదు. అందుకే రాస్తున్నాను.

2009 జులై ఆఖరు. వాన. నీకు గుర్తుందో లేదో, మన క్లాసులో క్రెయిగ్ అని ఒకడు ఉండేవాడు. వాడు, వాడి ఫ్రెండ్స్ ఇద్దరు. క్లాసు మొత్తం మీద ఇక్కడ పుట్టినవాళ్ళు ఆ ముగ్గురే. వాళ్ళు నన్ను తమతో లంచ్‌కి రమ్మన్నారు. మొదటిసారి. ఏలూరు నుంచి వచ్చి ఏడాదిన్నర, ఎవరింటికీ ఎవరూ పిలవలేదు. ఆ ఏడాది రైళ్ళలో మనవాళ్ళని కొడుతున్నారని రోజూ వార్తలు, మా అమ్మ రోజూ ఏడుపు. వాళ్ళ పక్కన నడుస్తుంటే నాకు భయం తగ్గినట్టుండేది. నిజం చెప్తున్నాను.

షాపింగ్ సెంటర్ కార్ పార్కులోంచి వెళ్తున్నాం. శేషాచలం అన్న నారింజరంగు కోటు వేసుకుని ఇరవై పైన ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి తోస్తున్నాడు. ఏటవాలు. తడికి చక్రాలు పక్కకి జారుతున్నాయి. వరస అంతా ఒక తెల్లకారు మీదికి పోతోంది. ఆయన ఒళ్ళంతా అడ్డుపెట్టి ఆపుతున్నాడు. నన్ను చూశాడు. "భానూ, ఒక చెయ్యెయ్యి ప్పా!" అని కేకేశాడు.

క్రెయిగ్ నన్ను అడిగాడు, ఆయన నీకు తెలుసా అని.

నేను "నో" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నో, దట్స్ జస్ట్ ట్రాలీ" అన్నాను. ఆయన పేరే ట్రాలీ అన్నట్టు. వాళ్ళు పడీ పడీ నవ్వారు. వాళ్ళు నా మాటకి నవ్వడం కూడా అదే మొదటిసారి. నేనూ నవ్వాను. ఆయనకి వినిపించింది. పది అడుగుల దూరం.

ఆయన నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. మదనపల్లెలో స్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి, పెళ్ళాం పిల్లతో వచ్చి మనతో పాటు డిప్లొమాలో చేరాడు. నాకు సెట్టింగ్, అదే బంతి పైకి లేపి అందించడం, నేర్పింది ఆయనే. నన్ను కెప్టెన్ని చెయ్యమని అందరికీ చెప్పిందీ ఆయనే.

మర్నాడు ప్రాక్టీస్‌లో నేనే కూశాను, నిన్న ఇలా అన్నానని, జోకులాగా. ఇంక అంతా పట్టుకున్నారు. ఆయన సర్వీస్‌కి వెళ్తే ట్రాలీ, బంతి ఎత్తితే ట్రాలీ. ఆయన ప్రాక్టీస్ అయ్యేదాకా ఆడి, పాపని ఎత్తుకుని వెళ్ళిపోయాడు. ఆ శనివారం మ్యాచ్‌కి వచ్చాడు, ఆ తర్వాత రెండు వారాలు రాలేదు.

ఆగస్టు 22న మ్యాచ్‌కి సంచీతో వచ్చాడు. ఎనిమిది తెల్ల చొక్కాలు, నీలం రంగుతో చేత్తో రాసిన అక్షరాలు, TROLLEYS అని. ఒక్కొక్కరికీ ఇచ్చాడు. నాకు ఒకటో నంబరుది ఇచ్చాడు. "పేరు పెట్టినారు గదా. ఏసుకుందాం పాండి" అన్నాడు. అంతే. ఎవరూ నవ్వలేదు. మా అందరి తలలూ వంగిపోయాయి. వేసుకున్నాం. ఆ రోజు ఆడినట్టు మేం ఇంకెప్పుడూ ఆడలేదు.

నేను ఆయనకి సారీ చెప్పలేదు. సీజన్ అయ్యాక ఆయన కాలేజీ మానేశాడు. అడగలేదు. 2016లో ఇంటర్వ్యూ అడిగినప్పుడు, నేను ఎలా ఉండి ఉంటే బాగుండేదో అలా చెప్పాను. చెప్పి చెప్పి నాకే అదే నిజం అయిపోయింది. టైమవుట్, స్పీచ్, ఏమీ లేవు.

ఇప్పుడు ఏం చెయ్యమంటావు?

భాను


టూంగాబీ
జులై 13

భానూ,

నీ ఉత్తరం ట్రైన్‌లో చదివాను. టూంగాబీ దాటి సెవెన్ హిల్స్ దాకా వెళ్ళిపోయాను. అవతలి ప్లాట్‌ఫామ్ మీద కూర్చుని ఇంకోసారి చదివాను.

నిన్ను ఏమైనా అనడానికి ముందు నేను దాచింది చెప్పాలి. స్కోరు పుస్తకం దొరికిందని రాశాను కానీ అందులో ఉన్నదంతా రాయలేదు. ఆగస్టు 1 పేజీలో ఆటగాళ్ళ పేర్లుంటాయి కదా. మూడో వరసలో శేషాచలం అని ఉండాల్సిన చోట "ట్రాలీ" అని రాసి ఉంది. పక్కన చిన్న చక్రం బొమ్మ. నా చేతిరాతే, నా బొమ్మే. నాకు ఆ మ్యాచ్ గుర్తుంది. ఆయన నీళ్ళు తాగడానికి బల్ల దగ్గరికొచ్చి పుస్తకంలోకి చూశాడు. చూసి, మూత పెట్టి వెళ్ళాడు. నేను పెన్ను కొరుకుతూ నవ్వాపుకున్నాను. తర్వాతి రెండు మ్యాచ్‌లకి ఆయన రాలేదు. నీ మాటకి మానేశాడో, నా రాతకి మానేశాడో నాకు తెలియదు.

మే నెల్లో ఆయన నా వైపు అలా చూశాడని రాశానే, ఆ చూపు ఎందుకో నాకు ఆ రోజే తెలుసు. తెలిసే నీ మీద పరిశోధన మొదలెట్టాను. నీ తప్పు పెద్దదని తేలితే నాది చిన్నదవుతుందని అనుకున్నానేమో.

మెలనీకి ఆగస్టు నెలాఖరుకి కాగితం ఇవ్వాలి. ఆయన్ని అడగకుండా నేను ఏదీ రాయను. నీ ఇంటర్వ్యూ మాత్రం గోడెక్కనివ్వను. లిఖిత రోజూ ఆ గోడ ముందు నించి ప్రాక్టీస్‌కి వెళ్ళాలి.

నేను వచ్చే శనివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. నా సంగతి నేను చెప్పుకుంటాను. నీది నేను చెప్పను. అది నువ్వొచ్చి చెప్పాల్సిందే. ఇంకా కుదరదంటే రాయి, నేనేమీ అనుకోను. నాకూ ఓపిక లేదు.

ఉదయ


హారిస్‌డేల్
ఆగస్టు 10

ఉదయా,

వెళ్ళొచ్చాను. సిడ్నీలో ఉండి నిన్ను కలవకుండా వచ్చేశానని కోపం తెచ్చుకోకు. వాళ్ళింట్లోంచి బయటపడ్డాక ఎవరితోనూ మాట్లాడే స్థితిలో లేను. నేరుగా ఎయిర్‌పోర్ట్‌కి వెళ్ళి నాలుగు గంటలు కూర్చున్నాను.

నువ్వు ముందే వెళ్ళి వచ్చావు కాబట్టి నేను ఎందుకొచ్చానో ఆయనకి తెలిసినట్టే ఉంది. తలుపు తీసి "రా ప్పా భానూ" అన్నాడు. నేను ఏమీ తినకుండా వచ్చానని కుసుమక్కకి మొహం చూడగానే తెలిసింది. బొరుగులతో చేసిన ఉగ్గాణి పెట్టింది. పళ్ళెం పక్కన పెట్టి మొదలెట్టాను. లిఖిత అక్కడే సోఫాలో ఉంది. తను ఉండగా చెప్పాలా వద్దా అని ఆయన వైపు చూశాను. "చెప్పు. పాపకి తెలుగు అర్థమైతాది" అన్నాడు.

అంతా చెప్పాను. కార్ పార్కు, క్రెయిగ్, ఇంటర్వ్యూ. 

ముందు మాట్లాడింది లిఖితే. "సో యూ సెడ్ యూ డిడ్ నాట్ నో హిమ్?" అంది. అవునన్నాను. "అండ్ దెన్ యూ టోల్డ్ ఎవ్రీవన్ ఇట్ వాజ్ యూ." దానికీ అవునన్నాను. లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది. నేను ఉన్నంతసేపూ మళ్ళీ రాలేదు.

ఆయన అప్పుడు నోరు తెరిచాడు. "నువ్వు ట్రాలీ అన్నందుకు కాదు ప్పా. పని పేరే గదా, దాంట్లో ఏముంది. తెలీదన్నావు సూడు. నీకు ఆట నేర్పినా, నీకు జొరమొస్తే మా ఇంట్లో పండుకోబెట్టినా. తెలీదన్నావు. అది ఇప్పటికీ ఉండాది. నువ్వొచ్చి చెప్పినావని పోదు. పోతాదని నువ్వూ అనుకోవద్దు."

అనుకోను అన్నాను.

"ఎందుకు కాలేజీ మానేసినావన్నా, మా వల్లేనా" అని అడిగాను. కాదన్నాడు. కుసుమక్కకి నర్సింగ్ సీటొచ్చింది, పాపని చూసుకోవడానికి ఒకరు ఇంట్లో ఉండాలి, అందుకట. ఇన్నేళ్ళూ అది నా ఖాతాలో వేసుకుని మోశాను. అది నాది కాదని తెలిస్తే తేలికవ్వాలి కదా, అవ్వలేదు. అక్కడ కూడా అంతా నా చుట్టూనే తిరిగిందని అనుకున్నాను చూడు.

తర్వాత, ఆ చొక్కాలు తేకపోతే ఆ టీమ్ అప్పుడే చెదిరిపోయేదన్నా, నీకు ఎలా తట్టింది అని అడిగాను. ఆయన వంటింటి వైపు చూశాడు.

కుసుమక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇది ఆవిడ మాటల్లోనే రాస్తాను.

"ఈయనకేం తట్టలేదబ్బాయ్. రెండు వారాలు పడుకోనే ఉన్న్యాడు. ఒకనాడు ఒక చొక్కా కొనుక్కొచ్చినాడు, రంగుడబ్బీ తెచ్చినాడు. దీనిమీద ట్రాలీ అని రాయి, రేపు ఇదే ఏసుకోని పోయి వాళ్ళ ముందర నిలబడతా, సిగ్గు రావల్ల వాళ్ళకి అన్న్యాడు. నేను రాసినా. రాసి ఎత్తి పట్టుకోని చూసినా. ఈయనొక్కడే ఇది తగిలించుకోని పోతే ఇంగా నవ్వుతారు గానీ సిగ్గెందుకొస్తాది? ఈయన డ్యూటీకి పోయినాక పాపని సంకనేసుకోని పోయి ఇంగో ఏడు తెచ్చినా. మొదుటిదానికి చివర్న ఒక ఎస్ తగిలిచ్చినా. నేను చదివింది తెలుగు మీడియమే, అయినా ఎస్ పెడితే చానామంది అని నాకు తెల్సు. మిగతావి అట్లే రాసినా. సాయంత్రం ఈయనొచ్చి చూసి ఎగిరినాడు. వాళ్ళకి నువ్వు చొక్కాలు కొంటావా అని. నువ్వు మాస్టరువి, పిల్లోల్లు తప్పు చేస్తే ఇంట్లో పడుకుంటావా, పో అని సంచీ చేతికిచ్చినా."

"తోసింది, నిజంగా తోసింది. గడప బయటికి" అన్నాడు ఆయన. ఆ రోజంతా ఆయన నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ అక్షరాలు ఆయన రాశాడనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. మనకెవరికీ అడగాలని కూడా తోచలేదు, ఉదయా.

గోడ మీద ఏం రాయమంటావన్నా అని అడిగాను. "నా పేరు రాస్తే రాయండి, లేకుంటే ల్యా. దానిపేరు రాయండి" అని కుసుమక్కని చూపించాడు. నేను వెళ్ళేటప్పుడు చేయి ఇవ్వలేదు, ఇవ్వనని కూడా అనలేదు. కారు దాకా వచ్చాడు. "నీళ్ళు తాగతా ఉండు, మొహం పీక్కపోయింది" అన్నాడు.

నా వంతు రాసి దీంతో పెడుతున్నాను. నా పేరు ఎక్కడ ఎలా పెట్టినా సరే. ఇంటర్వ్యూ అబద్ధమని మెలనీకి మెయిల్ కూడా చేశాను, నీకు కాపీ వచ్చే ఉంటుంది. కప్పు పారేయలేదు. పారేస్తే తేలిగ్గా పోతుంది. అల్మరాలో వెనక్కి పెట్టాను.

భాను


టూంగాబీ
సెప్టెంబర్ 14

భానూ,

ప్రారంభం అయిపోయింది. నాలుగు రోజులుగా నడుము నొప్పి, మూడొందల కుర్చీలు వేయించింది నేనే కదా.

గోడ మీద ఉన్నది ఇది, తెలుగులో చెప్తాను: "2009లో ఇక్కడి విద్యార్థి శేషాచలం ట్రాలీలు తోసే పని చేసేవాడు. తోటి ఆటగాళ్ళే ఆయన్ని ట్రాలీ అని వెక్కిరించారు. ఆయన భార్య కుసుమ ఎనిమిది చొక్కాల మీద ఆ మాటను అందరి పేరుగా మార్చి రాసింది. జట్టు వాటిని వేసుకుని ఆడింది."

"తోటి ఆటగాళ్ళు" దగ్గర మెలనీ పదిరోజులు పోట్లాడింది. "ప్రత్యర్థులు" అని మారుద్దాం, స్పిరిట్ దెబ్బతింటుంది అంది. మారిస్తే స్కోరు పుస్తకం ఇవ్వను, నేను ఆ రోజు రాను అన్నాను. నీ మెయిల్ ముందు పెట్టాను. చివరికి కళ్ళు నులుముకుని "ఫైన్, ఉదయా" అంది. పాపం తనకీ ముగ్గురు పిల్లలు. నీ పేరూ, నా పేరూ పెట్టాలని నేను అడిగాను. చోటు లేదంది. దాని మీద పోట్లాడే శక్తి నాకు మిగల్లేదు. అందుకని స్కోరు పుస్తకం అద్దాల పెట్టెలో పెట్టేటప్పుడు ఆగస్టు 1 పేజీ తెరిచి పెట్టాను. చక్రం బొమ్మ అందరికీ కనిపిస్తుంది. కింద "స్కోరర్: ఉదయశ్రీ, కెప్టెన్: భానుప్రసాద్" అని ఉంది. చూసేవాళ్ళు చూస్తారు.

కుసుమక్క పట్టుచీర కట్టుకుని వచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగి సెల్ఫీలు. ఆవిడకి అదంతా కంగారు, నా చెయ్యి వదల్లేదు. శేషాచలం అన్న షిఫ్ట్ మధ్యలో యూనిఫామ్‌లోనే వచ్చాడు. గోడ ముందు నిలబడి రెండుసార్లు చదివాడు. "దానిపేరు ముందుండాల్సింది" అన్నాడు. అవునన్నా అన్నాను. నాలుగూ పదికి బస్సు తియ్యాలని వెళ్ళిపోయాడు. నాతో మాట్లాడుతున్నాడు, మామూలుగానే. మామూలు కన్నా ఎక్కువ నేను అడగను.

లిఖిత టీమ్ మానేస్తుందేమోనని భయపడ్డాను. మానలేదు. కానీ ప్రాక్టీస్‌కి ముందు అందర్నీ కూర్చోబెట్టి కథ మొత్తం చెప్పిందట, నీ పేరుతో సహా. ఇద్దరు పిల్లలు ఏడ్చారట. ఒకడు ఇంక ఈ పేరు వద్దన్నాడట. "మై మమ్ మేడ్ ఇట్, సో ఇట్ స్టేస్" అందట ఇది.

మొన్న నా డెస్క్ దగ్గరికొచ్చి నీ నంబర్ అడిగింది. ఎందుకని అడిగాను. "ఐ హ్యావ్ క్వశ్చన్స్, ఆంటీ" అంది. ఏం ప్రశ్నలంటే చెప్పలేదు. వాళ్ళ నాన్నని అడిగావా అన్నాను. "హీ సెడ్ ఇట్స్ అప్ టు మీ" అంది. ఇచ్చాను.

బుధవారం మధ్యాహ్నం తనకి క్లాసుల్లేవు, అప్పుడు ఫోన్ చేస్తానంది. మాకు రెండంటే మీకు పన్నెండు, నువ్వు ఆఫీసులో ఉంటావు. మీటింగ్ ఉన్నా సరే, బయటికొచ్చి ఎత్తు.

ఉదయ